అమ్మ హౌస్‌వైఫ్, సంపాదన లేదంటున్నారు: యాక్సిడెంట్ కేసులో ఆమె పనికి విలువ ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడు నెలల కిందట సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ ఆటోని గుద్దింది. ఆటోలో ఉన్న మీ అమ్మగారు చనిపోయారు. వయసు 42. నాన్న తాపీ మేస్త్రి, మీరు డిగ్రీ చదువుతున్నారు, చెల్లికి పదిహేడు. ఇంట్లో పక్షవాతంతో మంచాన ఉన్న నానమ్మ. ఇన్సూరెన్స్ తరఫున ఒకాయన వచ్చి, "ఆమె హౌస్‌వైఫే కదా, సంపాదన ఏమీ లేదు, నాలుగు లక్షలకి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి" అన్నాడు. అది సరైన లెక్కేనా, ఎంత అడగొచ్చు అని ఒక ప్రశ్న. అమ్మ చేసిన పనికి విలువ ఆమె పోయాకే గుర్తొస్తుందా, బతికుండగా చట్టంలో ఏమీ లేదా అని ఇంకో ప్రశ్న.

ముందు జవాబు: నాలుగు లక్షలకి సంతకం పెట్టకండి. మీరు రాసిన వివరాల ప్రకారం పద్నాలుగు నుంచి ఇరవై లక్షల మధ్య అడగడానికి గట్టి ఆధారం ఉంది. గృహిణికి జీతం లేదు కాబట్టి పరిహారం నామమాత్రంగా ఇస్తే చాలన్న వాదనని సుప్రీంకోర్టు ఎప్పుడో పక్కన పెట్టేసింది. లోక్ అదాలత్ అంటే రాజీతో కేసులు తేల్చే వేదిక, అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. ఒకసారి ఒప్పుకుంటే మళ్ళీ తెరవడం దాదాపు కుదరదు. రాజీ తప్పని నేను అనను, మంచి మొత్తానికి రాజీ కుదిరితే ఏళ్ల తరబడి తిరగడం తప్పుతుంది. కానీ అసలు లెక్క ఎంతో తెలిశాకే ఆ బల్ల ముందు కూర్చోవాలి.

నేను వకీలుని, జిల్లా కోర్టులో చాలా ఏళ్లుగా ఈ ఓపీలే (ప్రమాద పరిహారం పిటిషన్లే) చూస్తున్నాను. మొదట్లో ఇన్సూరెన్స్ కంపెనీ వకీళ్ల ప్యానెల్‌లో ఉన్నాను, తర్వాత పూర్తిగా బాధితుల వైపే. ఆ అనుభవంతోనే చెప్తున్నాను. ఇలాంటి కేసుల్లో చట్టం మీ వైపే ఉంది. పరిహారం తగ్గిపోయేది ఎక్కువగా సాక్ష్యం దగ్గర. ఆమె పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేసేదో ఇంట్లో వాళ్లే చెప్పలేకపోతారు.

ఆ నాలుగు లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

గాల్లోంచి చెప్పిన అంకె కాదది. నెలకి మూడు వేలు అనుకుంటే ఏడాదికి 36,000. ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 27,000. దీన్ని దేనితో గుణించాలో వయసుని బట్టి కోర్టులు వాడే అంకె ఉంటుంది, 42 ఏళ్లకి అది 14. మొత్తం 3,78,000. దాన్నే కాస్త గుండ్రం చేసి నాలుగు లక్షలు అన్నారు.

మరి నెలకి మూడు వేలు ఎక్కడిది? 1989 మార్చిలో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో మంటలు అంటుకుని అరవై మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. లతా వధ్వా కేసుగా అది సుప్రీంకోర్టుకి వెళ్లి 2001లో తీర్పు వచ్చింది. గృహిణి సేవలకి ఏడాదికి 12,000 కట్టిన లెక్క మరీ తక్కువని, 34 నుంచి 59 ఏళ్ల వాళ్లకి నెలకి 3,000 చేశారు. ఆ రోజుకి అది పెద్ద అడుగే. కానీ 1989లో పోయిన వాళ్లకి కట్టిన ధర అది. దాన్నే పట్టుకుని ఇవాళ్టి కేసులో బేరం మొదలుపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వినేవాళ్లకి తెలియకపోతే బేరం తెగిపోతుంది కూడా.

ఆ తర్వాత చాలా జరిగింది. మోటారు వాహనాల చట్టం పాత షెడ్యూల్లో సంపాదన లేని భార్యకి భర్త ఆదాయంలో మూడో వంతు అని ఒక సూత్రం ఉండేది. అంటే ఒకే పని చేసే ఇద్దరు ఆడవాళ్లలో ఇంజినీరు భార్యకి ఒక ధర, మేస్త్రి భార్యకి ఇంకో ధర! ఆ షెడ్యూలు ఇప్పుడు లేదు. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి పనికి విలువ కట్టాలని గట్టిగా చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్లు, ఖైదీల వరుసలో 'ఉత్పాదకత లేనివాళ్ల' కింద చేర్చడాన్ని జస్టిస్ గంగూలీ ఆ తీర్పులోనే తప్పుపట్టారు.

మీకు బాగా పనికొచ్చేది 2021 జనవరి 5న వచ్చిన కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ తీర్పు. 2014లో ఢిల్లీలో బైక్ మీద వెళ్తున్న భార్యాభర్తలిద్దరూ చనిపోయారు, చిన్న పిల్లలు మిగిలారు. భార్య గృహిణి. హైకోర్టు 22 లక్షలకి తగ్గించిన మొత్తాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలు చేసింది. ముగ్గురు జడ్జీల బెంచ్‌లో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఇంకో అభిప్రాయం రాశారు. ఉద్యోగం చేసేవాళ్లకి ముందు ముందు పెరగబోయే ఆదాయాన్ని కలిపినట్టే గృహిణి లెక్కలోనూ కలపాలన్నది అందులో తేలింది. జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడతారో లెక్కగట్టే ప్రభుత్వ సర్వే, 2019 టైమ్ యూజ్ సర్వే అంకెల్ని ఆయన ఆ తీర్పులోనే ఉదహరించారు. ఆ పని చేసేవాళ్ల సగటు చూస్తే, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకోవడానికి ఆడవాళ్లు 134 నిమిషాలు, మగవాళ్లు 76.

2024 ఫిబ్రవరిలో అరవింద్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కచ్చితంగా చెప్పింది: గృహిణి ఆదాయాన్ని ఆ రాష్ట్రంలో రోజుకూలీకి ఇచ్చే కనీస వేతనం కన్నా తక్కువ వేయడానికి వీల్లేదు. మీ వకీలు ఈ తీర్పు కాపీ పెట్టారో లేదో చూసుకోండి.

మీ కేసులో లెక్క

ప్రమాదం జరిగిన రోజుకి తెలంగాణలో అమల్లో ఉన్న కనీస వేతనం నోటిఫికేషన్ కాపీ కార్మిక శాఖ ఆఫీసులో తీసుకోండి. అసలు అంకె అందులోంచే రావాలి. కింద 12,000 అని రాసింది లెక్క అర్థం కావడానికి మాత్రమే.

నెలకి 12,000. నలభై నుంచి యాభై ఏళ్ల లోపు వాళ్లకి భవిష్యత్ ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కలిపితే 15,000, ఏడాదికి 1,80,000. ఆధారపడ్డవాళ్లు నాన్న, మీరు, చెల్లి, నానమ్మ, మొత్తం నలుగురు. నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే సొంత ఖర్చు కింద తీసేది నాలుగో వంతు. మిగిలేది 1,35,000. దాన్ని పద్నాలుగుతో గుణిస్తే 18,90,000. దీనికి భర్తకీ, పిల్లలిద్దరికీ తోడు కోల్పోయినందుకు తలా 40,000, అంత్యక్రియలకి 15,000, 'లాస్ ఆఫ్ ఎస్టేట్' (ఆమె వారసులకి మిగిలేదానికి కలిగిన నష్టం) పద్దు కింద 15,000 కలపాలి. ఈ మూడు పద్దులూ 2017 నాటివి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమన్నారు. రెండుసార్లు పెంచి చూస్తే 48,400, 18,150, 18,150 అవుతాయి. అన్నీ కలిపి సుమారు 20,71,500.

పరిహారం తేల్చే ట్రిబ్యునల్ 12,000 ఒప్పుకోకుండా 9,000 వేసిందనుకోండి, అసలు పద్దు 14,17,500 వస్తుంది. అంత తగ్గినా నాలుగు లక్షలతో పోలిక ఎక్కడ! దీని మీద పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా ఉంటుంది.

నానమ్మని ఆధారపడ్డవాళ్లలో చేర్చకూడదని అవతలి వైపు అనొచ్చు. కోడలి మీద అత్త ఎలా ఆధారపడుతుంది, ఆమెకి కొడుకు ఉన్నాడు కదా అంటారు. 2021లో ఎన్. జయశ్రీ కేసులో చనిపోయినాయన దగ్గరే ఉంటున్న అత్తగారిని చట్టబద్ధ ప్రతినిధిగా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అక్కడ అల్లుడు, ఇక్కడ కోడలు, వాదన మాత్రం ఒకటే. కొడుకు డబ్బు ఇస్తాడేమో గానీ, మంచంలో ఉన్న మనిషిని పొద్దునా రాత్రీ పక్కకి తిప్పి పడుకోబెట్టింది ఎవరు? నలుగురు కాకుండా ముగ్గురే అయితే తీసేసేది మూడో వంతుకి పెరుగుతుంది, అందుకే దీని గురించి ఇంత చెప్తున్నాను.

ఇప్పుడు అసలు పని: అమ్మ ఏం చేసేదో రాయండి

పిటిషన్లో 'వృత్తి: గృహిణి, ఆదాయం: లేదు' అని రెండు ముక్కల్లో నింపేసి పంపడం చాలా ఆఫీసుల్లో అలవాటు. గుమాస్తా అడుగుతాడు, మీరు చెప్తారు, అయిపోతుంది. అలా నింపనివ్వకండి.

ఒక తెల్లకాగితం తీసుకుని గంటల వారీగా రాయండి. మీ ప్రశ్నలో మీరే అక్కడక్కడా చెప్పినవి ఏరితేనే ఎన్ని ఉన్నాయో చూడండి. నాలుగున్నరకి లేచి బర్రె పాలు పితకడం, పేడ తీయడం, పాలు కేంద్రంలో పోయడం. నల్లా వచ్చే టైముకి నీళ్లు పట్టుకోవడం. నాన్నకి టిఫిన్ బాక్సు, మీ ఇద్దరికీ అన్నం. నానమ్మకి డైపర్ మార్చడం, ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా తిప్పడం, ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామం చేయించడం, మందులు. బట్టలు, గిన్నెలు, రేషన్ షాపు లైను. మీ కాలేజీ ఫీజు కోసం మహిళా సంఘంలో లోన్ తీసుకుని నెలనెలా కట్టడం. సీజన్లో పత్తి ఏరడానికి, కలుపుకి వెళ్లడం. ఇందులో మీరు రాయనివి ఇంకా ఉంటాయి. చుట్టాల పెళ్లిళ్ల చదివింపుల లెక్క, నాన్నకి రావాల్సిన కూలీ డబ్బులు ఎవరి దగ్గర ఎంత ఆగాయో గుర్తుపెట్టుకోవడం లాంటివి. వీటిని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. ఆగిపోయినప్పుడే తెలుస్తుంది.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. మిర్యాలగూడ వైపు నుంచి ఒకాయన, భార్య చనిపోయింది, ముగ్గురు పిల్లలు. చీఫ్ అఫిడవిట్ (సాక్షి ముందుగా రాసిచ్చే వాంగ్మూలం) బాగానే రాశారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు చాలా మర్యాదగా అడిగాడు: "మీ ఆవిడ ఉద్యోగం ఏమీ చేసేది కాదు కదా?" కాదు సార్. "ఇంట్లో ఖాళీగానే ఉండేది?" అవును సార్. అవార్డులో ఆ రెండో జవాబుని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి ఆదాయం తగ్గించేశారు. హైకోర్టుకి వెళ్లి సరిచేయించుకోవడానికి ఆ కుటుంబానికి ఏళ్లు పట్టింది. ఆయన అబద్ధం చెప్పలేదు, భార్యని తక్కువ చేసే ఉద్దేశమూ లేదు. ఉద్యోగం లేదంటే ఖాళీ అనే ఆయనకి తెలిసిన లోకం చెప్పింది. మీ నాన్నగారు బోనెక్కే ముందు ఆ కాగితం ఆయనకి రెండుసార్లు చదివి వినిపించండి. బట్టీ పట్టించక్కర్లేదు, జరిగింది గుర్తు చేస్తే చాలు.

ఆధారాలు. ఇంటి పనికి జీతం స్లిప్ ఉండదు కానీ కాగితాలు ఉంటాయి. నానమ్మ సదరం (వైకల్యం) సర్టిఫికెట్, హాస్పిటల్ చీటీలు, ఇంట్లో పూర్తిగా ఒకరి సాయం కావాలన్న సంగతి వాటితో రుజువవుతుంది. పాల కేంద్రం పుస్తకం మీ నాన్న పేరు మీద ఉందన్నారు, చాలా ఇళ్లలో అంతే. అందుకే పాలు రోజూ పోసింది ఎవరో కేంద్రం అతనితో సాక్ష్యం చెప్పించండి. మహిళా సంఘం పాస్ పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, మీ ఇద్దరి ప్రోగ్రెస్ కార్డుల మీద అమ్మ సంతకాలు, అన్నీ తీసి పెట్టండి. పక్కింటావిడని సాక్షిగా పెట్టుకోవచ్చు. రెవెన్యూ ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చి పెట్టేస్తే చాలనుకునేవాళ్లున్నారు. ఇచ్చిన అధికారి వచ్చి చెప్పకపోతే దానికి పెద్ద బరువు ఉండదు.

ఇంకో ఉపాయం నాకు బాగా పనిచేసింది. మీ ఊళ్లోనో సూర్యాపేటలోనో పేషెంట్‌ని చూసుకునే మనిషిని పెట్టుకుంటే నెలకి ఎంత అవుతుందో ఒక ఏజెన్సీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పటికే ఎవరినైనా పెట్టుకున్నట్టయితే డబ్బు ఫోన్ పే ద్వారానే ఇవ్వండి, రికార్డు ఉంటుంది. ఈ పనికి కోర్టులు విలువ కట్టలేవని కాదు. 2020లో కాజల్ కేసులో ప్రమాదంలో శాశ్వతంగా మంచానపడ్డ అమ్మాయిని చూసుకోవడానికి ఇద్దరు అటెండెంట్లకి నెలకి 10,000 లెక్కన, 18తో గుణించి 21,60,000 ఇచ్చారు. అదే పని కోడలు చేస్తే విలువ లేదని ఎవరైనా ఎలా అంటారు?

నా దగ్గరకి వచ్చిన ఇంకో కేసులో చనిపోయినావిడకి అరవై దాటాయి. కూతురు ప్రైవేటు స్కూల్లో టీచరు, మనవడిని ఈవిడే చూసేది. వయసైపోయింది, ఆదాయమేంటి అన్నారు. ఆవిడ పోయాక కూతురు పిల్లాడిని డే కేర్‌లో వేసిన రసీదులు పెట్టాం. ట్రిబ్యునల్ వాటిని ఒప్పుకుంది.

కొన్ని జాగ్రత్తలు. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకి ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది. మీకు మూడు నెలలు అయిపోయాయి, ఆలస్యం చేయకండి. కొత్త రూల్స్ ప్రకారం పోలీసులే మొదటి సమాచారం 48 గంటల్లో, పూర్తి రిపోర్టు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి పంపాలి. పంపారో లేదో స్టేషన్లో కనుక్కోండి, కానీ వాళ్ల మీద వదిలేయకుండా మీ ఓపీ మీరు వేసుకోండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు. ఆటో డ్రైవర్ తప్పు కూడా ఉందని లారీ వైపు వాళ్లు అంటారు. అమ్మ ప్రయాణికురాలు, ఆ గొడవ ఆ రెండు బళ్ల మధ్యది. మొత్తం పరిహారం ఏ ఒక్కరి దగ్గరైనా రాబట్టుకునే హక్కు మీకుంది. ఫీజు విషయంలో ఒక మాట: వచ్చిన దాంట్లో ఇంత శాతం అని వకీలు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌కి విరుద్ధం. మా వాళ్లకి ఈ మాట నచ్చదు, అయినా రాస్తున్నాను.

బతికుండగా ఏమీ లేదా?

మీ రెండో ప్రశ్న. నిజం చెప్పాలంటే ఉంది కానీ తక్కువ, అదీ ముక్కలు ముక్కలుగా.

ప్రాణం దక్కి వైకల్యం మిగిలితే గృహిణి తన పేరు మీదే పరిహారం అడగొచ్చు. కుడి చెయ్యి పనికిరాకుండా పోయిన ఒకావిడకి డాక్టరు 40 శాతం వైకల్యం అని రాసిచ్చాడు. ఆ చేత్తోనే వంట, బట్టలు, పిల్లల జడలు. ఆమె పనిని బట్టి చూస్తే నష్టం 40 శాతంతో ఆగదని వాదించాం. డాక్టరు రాసిన శాతం ఒకటి, ఆ మనిషి పని మీద పడే దెబ్బ ఇంకొకటి అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అదే మాకు ఆధారమైంది.

కాపురం చెడితే భరణం ఉంది. పిల్లల కోసం, ముసలివాళ్ల కోసం ఉద్యోగం మానేసిన సంగతిని భరణం తేల్చేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలని 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు చెప్పింది. 2024 జూలైలో మన తెలంగాణ నుంచే వెళ్లిన అబ్దుల్ సమద్ కేసులో జస్టిస్ నాగరత్న, సొంత ఆదాయం లేని భార్యకి బ్యాంకు ఖాతాలో జాయింటు పేరు, ఏటీఎం కార్డు లాంటివి భర్త ఇవ్వాల్సిన అవసరాన్ని ప్రస్తావించారు. అది ఆదేశం కాదు, అమలు చేయించే మార్గమూ లేదు. అయినా సుప్రీంకోర్టు తీర్పులో ఏటీఎం కార్డు ఊసు రావడం నాకు నచ్చింది. మా దగ్గరికొచ్చే ఆడవాళ్ల గొడవల్లో సగం ఆ కార్డు దగ్గరే మొదలవుతాయి.

ఆస్తి దగ్గరికొస్తే 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి తీర్పిచ్చింది. భర్త సౌదీలో సంపాదించి పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకుంది. కొన్న ఆస్తిలో ఆమె శ్రమ వాటా కూడా ఉంది కాబట్టి సగం ఆమెదన్నారు. అరబ్ దేశాలకి వెళ్లిన మగవాళ్లున్న కరీంనగర్, నిజామాబాద్, కడప ఇళ్లన్నిటికీ ఈ కథ తెలిసిందే. కానీ అది తమిళనాడు హైకోర్టు తీర్పు, మన కోర్టుల్లో వాదించడానికి పనికొస్తుంది, కట్టుబడి ఉండాల్సిందేమీ కాదు. పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తిలో భార్యకి సగం అనే చట్టం గోవా, డామన్ డయ్యూ లాంటి చోట్ల తప్ప దేశంలో ఇంకెక్కడా లేదు. పాలకేంద్రం పుస్తకం, పట్టా, ఇల్లు, అన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయని మీరు రాశారు. చట్టం మారేదాకా ఆగకుండా ఏ ఇంట్లోనైనా చేయగలిగింది ఇదొక్కటే, భార్యాభర్తల పేర్లు రెండూ వేయించుకోవడం.

ప్రభుత్వం నెలనెలా డబ్బులిస్తే సరిపోదా అని కొందరంటారు. తమిళనాడులో 2023 సెప్టెంబరులో నెలకి వెయ్యి ఇవ్వడం మొదలుపెట్టారు, దానికి హక్కు అని పేరు కూడా పెట్టారు. నేను వద్దనను. ఆ వెయ్యితో ఆమె చేతిలో తన డబ్బు ఉంటుంది. కానీ పని మాత్రం ఆమె మీదే ఉండిపోతుంది. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88. ఐదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లకీ తొమ్మిది తగ్గింది. పైగా ఆ 88 అన్నది ఇంటి పని అసలంటూ ఏదైనా చేసిన మగవాళ్ల సగటు. ఏమీ చేయనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

చివరిగా, మీ ప్రశ్నలో మధ్యలో వచ్చిపోయిన ఒక వాక్యం గురించి. "నానమ్మని చూసుకోవడానికి ప్రస్తుతం చెల్లి కాలేజీ మానేసింది" అని రాశారు. మీరు దాన్ని ప్రశ్నగా అడగలేదు. నాకు మాత్రం లక్షల లెక్క కన్నా అదే ముందు కనిపించింది. అమ్మ చేసిన పని అంతా పదిహేడేళ్ల పిల్ల మీదికి వచ్చేసింది, ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండానే. మీరు డిగ్రీకి వెళ్తున్నారు, నాన్న పనికి వెళ్తున్నారు. ఇందులో మీ దురుద్దేశం ఏదీ లేదని నాకు తెలుసు. ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది, నేను చూస్తూనే ఉన్నాను. తల్లి పోయిన కేసుల్లో కూతురు చదువు ఆగిపోయిందన్న మాట చాలాసార్లు వాంగ్మూలంలో వస్తుంది, కొడుకు చదువు ఆగిందని విన్నది మాత్రం తక్కువ.

కాబట్టి నేను రాయమన్న ఆ కాగితం చెల్లిని పక్కన పెట్టుకుని రాయండి. ఏ పని ఎంతసేపు పడుతుందో ఇప్పుడు ఆమెకే బాగా తెలుసు. అది పూర్తయ్యాక ఇంకో కాపీ తీసి, ప్రతి పని పక్కన ఇకపై ఎవరు చేస్తారో రాసుకోండి. నానమ్మని పొద్దున తిప్పడం, ఒళ్లు తుడవడం మీరు చేయలేని పనేం కాదు, హాస్పిటల్లో మగ అటెండర్లు రోజూ చేస్తున్నారు. వంట నాన్నకి రాదంటారు. గోడకి తూకం పట్టి సున్నితంగా ప్లాస్టరింగ్ చేసే మనిషికి పప్పు పెట్టడం రాకపోవడమేంటి! పగటి పూట నాలుగైదు గంటలకి మనిషిని పెట్టుకోండి. ఆ ఖర్చు బిల్లులు ఎలాగూ కేసులో మీకు ఆధారమే అవుతాయి.

చెల్లి అడ్మిషన్ ఇంకా క్యాన్సిల్ కాకపోతే ఈ వారమే ప్రిన్సిపాల్‌ని కలవండి, హాజరు తగ్గినదానికి కారణం రాసివ్వండి. కుదరకపోతే తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ రాయొచ్చు. ఇక డబ్బు సంగతి: అవార్డు వచ్చేనాటికి ఆమె మైనరైతే ఆమె వాటాని ట్రిబ్యునల్ జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది. అది పెళ్లికి దాచిన డబ్బని ఇంట్లో అందరూ అనుకుంటారు, అలా ఏమీ లేదు. చదువు కోసం అడుగుతూ చిన్న పిటిషన్ వేస్తే ముందుగానే కొంత విడుదల చేస్తారు, కాలేజీ ఫీజు రసీదో, అడ్మిషన్ లెటరో దానికి జత చేయాలి.